చిత్రం ఎవరిది? మాట ఎవరిది? : భాగస్వామ్య ఛాయాచిత్రణలో సాధికారత

వ్యాససంగ్రహం

అణగారిన వర్గాల బాలబాలికల చేతికి, యువత చేతికి కెమెరా ఇచ్చి, తమ జీవితాన్ని తామే చిత్రించుకొనేలా చేసే పద్ధతిని భాగస్వామ్య ఛాయాచిత్రణ అంటున్నారు. ఈ పద్ధతి వారికి సాధికారతను కలిగిస్తుందన్న వాదాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చైనాలోని యున్నాన్, అమెరికాలోని కెంటకీ, కలకత్తాలోని సోనాగాఛీ, తెలంగాణలోని పస్తాపూర్ ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూస్తుంది. మీట నొక్కిన చేయి ఎవరిదన్న దానికంటే, చిత్రాన్ని ఎవరు ఎంచారు, దానికి మాట ఎవరు ఇచ్చారు, అది చివరికి ఎవరి దగ్గర ఉంది అన్న మూడు ప్రశ్నలే సాధికారతను తేల్చుతాయని ప్రతిపాదిస్తుంది. వీటిలో మాటకు సంబంధించిన ప్రశ్న సాహిత్య విమర్శ పరిధిలోకి వస్తుంది.

కీలక పదాలు: భాగస్వామ్య ఛాయాచిత్రణ, సాధికారత, చిత్రవ్యాఖ్య, స్వానుభవం, క్షేత్రపరిశోధన

ప్రస్తావన

ఒక జీవితాన్ని గురించి రాసే అర్హత ఎవరికి ఉంది? 1990ల దళిత సాహిత్యోద్యమం తెలుగు విమర్శ ముందు ఉంచిన ప్రధాన ప్రశ్నల్లో ఇది ఒకటి. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ వంటి రచనల చారిత్రక స్థానాన్ని కాదనకుండానే, సానుభూతితో పుట్టిన రచన వేరు, స్వానుభవంతో పుట్టిన రచన వేరు అన్న విచక్షణను ఆ ఉద్యమం స్థిరపరిచింది. ‘చిక్కనవుతున్న పాట’ (1995) వంటి సంకలనాలు ఆ విచక్షణకు ఆధారంగా కవిత్వాన్నే చూపాయి.

ఇంచుమించు అదే కాలంలో ఛాయాచిత్రణ రంగంలోనూ ఈ ప్రశ్నే తలెత్తింది. పేదలను, వలసజీవులను, మూలవాసులను బయటి నుంచి వచ్చిన ఛాయాగ్రాహకులు చిత్రించడం అప్పటికే ఒక శతాబ్దపు సంప్రదాయం. ఆ సంప్రదాయంలో చిత్రితులకు ముఖం ఉంది గాని చూపు లేదు. కెమెరాను వారికే ఇస్తే ఏమవుతుందన్న ఆలోచన వివిధ దేశాల్లో విడివిడిగా మొలకెత్తింది. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఇల్లు లేని పిల్లలతో జిమ్ హబ్బర్డ్ 1989లో ఆరంభించిన కార్యక్రమం పేరు ‘షూటింగ్ బ్యాక్’. తమపైకి గురిపెట్టిన కెమెరాకు ఎదురు గురి అన్న ధ్వని ఆ పేరులో ఉంది. గ్వాటెమాలా నగరంలో చెత్తకుప్పల మీద బతికే కుటుంబాల పిల్లలతో నాన్సీ మెక్‌గిర్ 1991లో ఇలాంటి పనినే మొదలుపెట్టారు.

ఈ రెండు ధోరణులకూ మూలప్రశ్న ఒకటే అయినా వాటి సామగ్రిలో ఒక తేడా ఉంది. కవిత తన మాటతోనే పుడుతుంది. కవి పలుకును మార్చితే కవితే మారిపోతుంది. ఛాయాచిత్రం అలా కాదు, అది మాట లేకుండా పుడుతుంది. తీసినవారు ఒకరు, ఎంచినవారు మరొకరు, కింద వాక్యం రాసినవారు ఇంకొకరు కావచ్చు. అందువల్ల చిత్రం అణగారినవారిదై, అర్థం మాత్రం మరొకరిదయ్యే అవకాశం ఈ మాధ్యమంలో ఎప్పుడూ ఉంటుంది. స్వానుభవ చర్చ మనకు నేర్పిన ప్రశ్నను ఇక్కడ ఒక్కసారి కాక మూడుసార్లు, అంటే ఎంపిక దగ్గర, మాట దగ్గర, స్వాధీనం దగ్గర, అడగవలసి వస్తుంది.

‘సాధికారత’ అన్న మాటను కూడా ఇక్కడ కొంత పరిశీలించాలి. నేటి వాడుకలో ఇది పథకాల పరిభాష అయింది. కాని శాస్త్రగ్రంథాలు అనుబంధ చతుష్టయంలో మొదట చెప్పే ‘అధికారి’ పాలకుడు కాడు, ఆ విద్యకు అర్హుడు. ఆ అర్హతను పుట్టుకను బట్టి నిర్ణయించి అధికసంఖ్యాకులను విద్యకు దూరం చేసిన చరిత్ర కూడా ఆ మాటలోనే ఉంది. కాబట్టి సాధికారతను ఎవరో దయతో ఇచ్చే శక్తిగా భావించడం కంటే, తన జీవితానికి అర్థం చెప్పే అర్హత తనదేనని నిలబెట్టుకోవడంగా గ్రహించడం సమంజసం. ఈ వ్యాసంలో ఆ మాటను ఈ అర్థంలోనే వాడుతున్నాను.

1. యున్నాన్: పద్ధతిలో మాటకున్న చోటు

ఈ పద్ధతికి సిద్ధాంత రూపం ఇచ్చినవారు కారొలైన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్. చైనాలోని యున్నాన్ రాష్ట్రంలో గ్రామీణ మహిళల ఆరోగ్యం, అభివృద్ధి కోసం ఫోర్డ్ ఫౌండేషన్ తోడ్పాటుతో సాగిన కార్యక్రమంలో రెండు కౌంటీలకు చెందిన 62 మంది మహిళలు తమ పనిని, ఇంటిని, పిల్లల పెంపకాన్ని చిత్రించారు. ఈ పద్ధతికి మొదట ‘ఫొటో నవల’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టిన ఆ పరిశోధకులు, 1997లో ప్రకటించిన వ్యాసంలో ‘ఫొటోవాయిస్’ అన్న పేరును స్థిరపరిచారు. యువతతో జరిగే ప్రయోగాల్లో ఎక్కువ భాగం ఈ నమూనానే అనుసరిస్తున్నాయి.

వాంగ్, బరిస్‌లు మూడు ఆధారాలను చెప్పుకొన్నారు: బ్రెజిల్ విద్యావేత్త పౌలో ఫ్రేరే విమర్శనాత్మక చైతన్య భావన, స్త్రీవాద సిద్ధాంతం, డాక్యుమెంటరీ ఛాయాచిత్రణ. ఫ్రేరే వయోజన విద్యలో అక్షరానికి ముందు బొమ్మను పెట్టాడు. అభ్యాసకుల జీవితంలోని ఒక సన్నివేశాన్ని చిత్రంగా వారి ముందుంచి, దాని మీద చర్చ జరిపి, ఆ చర్చలో పుట్టిన మాటలతో చదువు నేర్పాడు. బొమ్మ అక్కడ చర్చకు ప్రేరకం మాత్రమే. ఫొటోవాయిస్ దీన్ని మరో అడుగు ముందుకు నడిపి, ఆ బొమ్మను అభ్యాసకులే తీసేలా చేసింది.

ఈ పద్ధతిలో చిత్రం తీయడం తొలి దశ మాత్రమే అన్నది గమనించాలి. తరువాత పాల్గొన్నవారే చిత్రాలను ఎంచుకొంటారు. బృందంగా కూర్చొని వాటి కథ చెబుతారు. ఆ కథల్లోంచి ఉమ్మడి సమస్యలను గుర్తిస్తారు. ఇక్కడ ఏం కనిపిస్తోంది, నిజానికి ఏం జరుగుతోంది, మన బతుకుతో దీనికి సంబంధం ఏమిటి, ఇది ఎందుకిలా ఉంది, మనం ఏం చేయగలం అన్న వరుసలో ప్రశ్నలు వేస్తారు. చివరికి ఆ చిత్రాలు, మాటలు విధాన నిర్ణేతల ముందుకు వెళ్లాలి. ఈ వరుసను చూస్తే మనకు పరిచితమైన పాఠవివరణే గుర్తుకొస్తుంది. ప్రతిపదార్థంతో మొదలై, సందర్భం మీదుగా తాత్పర్యం దాకా నడిచే వ్యాఖ్యానమిది. తేడా ఏమిటంటే ఇక్కడ పాఠకర్తలే వ్యాఖ్యాతలు.

ఈ పేరుతో జరిగే కార్యక్రమాలు కెమెరా పంపిణీతో మొదలై ప్రదర్శనతో ముగిసి, నడుమ ఉండవలసిన వ్యాఖ్యాన దశను కుదించినప్పుడు పద్ధతిలోని ప్రాణమే పోతుంది. ఆ నడిమి దశ నిలిస్తే ఏమవుతుందో, సన్నగిల్లితే ఏమవుతుందో తరువాతి రెండు ఉదాహరణలు చూపుతాయి.

2. లెచర్ కౌంటీ: చిత్రమూ మాటా ఒకరివే అయినప్పుడు

అమెరికాలోని తూర్పు కెంటకీ, అపలేషియన్ పర్వతాల బొగ్గుగనుల ప్రాంతం. 1960లలో ఆ దేశ ప్రభుత్వం పేదరికంపై యుద్ధం ప్రకటించినప్పుడు ఈ ప్రాంతపు దృశ్యాలు దేశమంతటా పేదరికానికి పర్యాయపదాలయ్యాయి. చిత్రితుల్లో అవమానం, ఆగ్రహం పేరుకొన్నాయి. 1967 సెప్టెంబరులో లెచర్ కౌంటీలో గని కార్మికుల అద్దె ఇళ్లను చిత్రిస్తున్న కెనడా చిత్రదర్శకుడు హ్యూ ఓకానర్‌ను ఆ ఇళ్ల యజమాని కాల్చి చంపాడు. ఎలిజబెత్ బారెట్ 2000లో తీసిన డాక్యుమెంటరీ ఈ హత్యను, కెమెరాకూ చిత్రితులకూ మధ్య ఉన్న నైతిక సంబంధాన్ని లోతుగా విచారించింది.

వెండీ ఇవాల్డ్ 1970ల నడుమ పిల్లలకు ఛాయాచిత్రణ నేర్పడం మొదలుపెట్టింది ఆ కౌంటీలోనే. చిన్న బడుల్లో పిల్లలు చవక కెమెరాలతో చిత్రాలు తీశారు, నెగెటివ్‌లను కడిగారు, అచ్చులు తామే వేసుకొన్నారు. తమను, కుటుంబాన్ని, పెంపుడు జంతువులను, చివరికి తమ కలలను చిత్రించమని ఆమె వారిని కోరారు. ఆ పని 1985లో ‘పోర్ట్రెయిట్స్ అండ్ డ్రీమ్స్’ పుస్తకంగా వచ్చింది. అందులో పిల్లల చిత్రాలతో పాటు వారి కథనాలూ ఉన్నాయి.

ఆ పుస్తకంలో చాలామందికి గుర్తుండే ఒక చిత్రం ఉంది. ఒక బాలుడు చెట్టు పంగలో తల వాల్చి, కదలిక లేనట్లు ఉంటాడు. మాట లేకుండా చూస్తే అది ఆట కావచ్చు, నిద్ర కావచ్చు. కొండప్రాంతపు పేదరికాన్ని వెతికే కంటికి ఆకలి కూడా కావచ్చు. కాని తీసిన బాలుడు దానికి ఇచ్చిన శీర్షిక వేరు: తన ప్రాణమిత్రుణ్ణి తానే చంపినట్లు వచ్చిన కల అది. ఆ వాక్యంతో చిత్రం సామాజిక పత్రంగా ఉండడం మానేసి స్నేహంలోని భయాన్ని, అపరాధ భావాన్ని వెల్లడించే రచన అవుతుంది. పేద పిల్లవాడు పేదరికాన్నే చిత్రించాలన్న బయటివారి అపేక్షను అది నిశ్శబ్దంగా తోసిపుచ్చుతుంది.

సాధికారత చర్చలో దీనికి ప్రాధాన్యం ఉంది. అణగారినవారి సృజన ఎప్పుడూ తమ వర్గ దుఃఖానికి సాక్ష్యంగానే ఉండాలన్న ఒత్తిడి తెలుగు దళిత, ముస్లిం, గిరిజన రచయితలకూ పరిచితమే. సాక్ష్యం చెప్పడం ఒక హక్కు. సాక్ష్యం కాని దాన్ని, అంటే కలను, పరాచికాన్ని, అబద్ధాన్ని సృష్టించడం కూడా అంతే విలువైన హక్కు. కెంటకీ పిల్లలకు ఆ రెండో హక్కు దక్కింది. దానికి కారణం వారి చేతిలోని కెమెరా కంటే చిత్రం కింద వారు రాసుకొన్న వాక్యమే.

ఇవాల్డ్ పనికీ పరిమితులున్నాయి. పుస్తకాల ముఖపత్రం మీద ప్రధానంగా నిలిచింది ఆమె పేరే. కళాలోకపు గుర్తింపూ ఆమెకే ఎక్కువగా వచ్చింది. అయితే ఆమె తన పాత విద్యార్థులను మళ్లీ కలిసి, పెద్దవారైన వారి మాటల్లో ఆ అనుభవాన్ని వినిపించే చిత్రాన్ని 2020లో బారెట్‌తో కలిసి రూపొందించారు. చిత్రకర్తలు తమ పాత చిత్రాలపై దశాబ్దాల తరువాత తిరిగి వ్యాఖ్యానించడం ఈ రంగంలో అరుదు.

3. సోనాగాఛీ: మాట మరొకరిదైనప్పుడు

జానా బ్రిస్కీ, రాస్ కౌఫ్‌మన్‌ల ‘బోర్న్ ఇంటు బ్రాతల్స్’ (2004) డాక్యుమెంటరీ విభాగంలో ఆస్కార్ పొందిన చిత్రం. కలకత్తాలోని సోనాగాఛీలో సెక్స్ వర్కర్ల జీవితాన్ని చిత్రించడానికి వెళ్లిన బ్రిస్కీ, అక్కడి పిల్లలకు ఛాయాచిత్రణ నేర్పుతుంది. ఎనిమిది మంది పిల్లలు ఈ చిత్రంలో ప్రధానంగా కనిపిస్తారు. వారి చిత్రాలు న్యూయార్క్‌లో వేలానికి వెళతాయి. ఒక బాలుడికి ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగే ప్రపంచస్థాయి ప్రదర్శనకు ఆహ్వానం వస్తుంది.

పిల్లల చిత్రాల్లో ప్రతిభ ఉందనడంలో సందేహం లేదు. మేడమీద గాలిపటాలు, ఇరుకు సందుల్లో రంగులు, సముద్రతీరపు విహారంలో ఎగసిన నీళ్లు బయటివారికి సులభంగా దొరకని సాన్నిహిత్యంతో ఉన్నాయి. కాంటాక్ట్ షీట్ల చుట్టూ కూర్చొని పిల్లలు ఏ చిత్రం బాగుందో, ఎందుకు బాగుందో వాదించుకొనే సన్నివేశాలు ఈ సినిమాలో అత్యంత విలువైనవి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ బాలుడు ఒక ఛాయాచిత్రం ముందు నిలిచి, చూడడం కష్టమే అయినా అది నిజం కనుక చూడాలన్న భావం వచ్చేలా మాట్లాడతాడు. అతడు మీట నొక్కిన ఏ క్షణం కంటే కూడా విమర్శకుడిగా మాట్లాడిన ఈ క్షణంలోనే అధికారిగా కనిపిస్తాడు.

కాని చిత్రపు మొత్తం కథనాన్ని నడిపే స్వరం పిల్లలది కాదు. వారిని ఆ వాడ నుంచి బయటపడేసి వసతి పాఠశాలల్లో చేర్చాలని బ్రిస్కీ పడే శ్రమే కథకు వెన్నెముక. పిల్లల బెంగాలీ మాటలు ఆ కథనానికి అవసరమైనంత మేరకే ఆంగ్ల ఉపశీర్షికల్లోకి వస్తాయి. తల్లులు ఎక్కువగా అడ్డంకులుగా కనిపిస్తారు. సోనాగాఛీలో 1992లో మొదలైన ఆరోగ్య కార్యక్రమం నుంచి ఎదిగి, 1995లో ఏర్పడిన దర్బార్ మహిళా సమన్వయ కమిటీ సెక్స్ వర్కర్ల హక్కుల కోసం పనిచేస్తున్న బలమైన సంఘం. ఈ చిత్రంలో దాని ఊసు లేదు. తమ సమష్టి కృషిని కనుమరుగు చేశారన్నది ఆ సంఘం వైపు నుంచి వచ్చిన ప్రధాన అభ్యంతరం.

ఈ విమర్శను కేవలం సమాచార లోపంగా చూస్తే సరిపోదు. దీనిలో ఒక కథననిర్మాణ సూత్రం ఉంది. బిడ్డను ఒంటరి ప్రతిభావంతుడిగా నిలపాలంటే అతడి చుట్టూ ఉన్న సమాజాన్ని ఎడారిగా చూపవలసి వస్తుంది. సమాజం ఎడారి అయితే రక్షకుడు బయటి నుంచే రావాలి. పిల్లలు తీసిన చిత్రాల్లో తల్లులు, తోబుట్టువులు, ఇరుగుపొరుగు దట్టంగా ఉన్నారు. సినిమా చెప్పిన కథలో వారు పలచబడ్డారు. పిల్లల చిత్రాలను వారి చిత్రాల గురించిన కథతో పోల్చి చదివినప్పుడు, ఆ చిత్రాలే ఆ కథను ఖండిస్తున్నట్లు తెలుస్తుంది. కొందరు పిల్లలు బడి మానివేశారని, కొందరిని కుటుంబాలు వెనక్కి తీసుకొన్నాయని సినిమా చివర వచ్చే వాక్యాలు చెబుతాయి. కుటుంబాన్ని, సంఘాన్ని భాగస్వాములుగా గుర్తించని సాధికారతకు ఉన్న హద్దును ఆ వాక్యాలు తెలియకుండానే అంగీకరించాయి.

దీనర్థం ఆ పిల్లలకు మేలు జరగలేదని కాదు. వేలంలో వచ్చిన ధనం వారి చదువుకే ఉద్దేశించారు. కాని మేలు చేయడం వేరు, అర్హతను గుర్తించడం వేరు. మొదటిది సానుభూతి పరిధిలోనిది. రెండోదానికి కథ చెప్పే చోటును ఖాళీ చేసి ఇవ్వాలి.

4. అక్షరమాలలు: మాట నుంచి చిత్రానికి

ఇవాల్డ్ తరువాతి కృషిలో ఒక భాగం మన చర్చకు దగ్గరగా ఉంది. 2005లో పుస్తకంగా వచ్చిన ‘అమెరికన్ ఆల్ఫాబెట్స్’లో ఆమె నార్త్ కరొలైనాకు వలసవచ్చిన కుటుంబాల పిల్లలతో స్పానిష్ అక్షరమాలను, ఇతర చోట్ల ఆఫ్రికన్ అమెరికన్, అరబ్బీ మాట్లాడే పిల్లలతో మరికొన్ని అక్షరమాలలను రూపొందించారు. ఏ అక్షరానికి ఏ మాట, ఆ మాటకు ఏ బొమ్మ అన్నది పిల్లలే ఎంచుకొన్నారు. ఇక్కడ వరుస తిరగబడింది: ముందు మాట, తరువాత చిత్రం.

తెలుగు పాఠకుడికి వెంటనే మన వాచకాలు గుర్తుకొస్తాయి. ‘అ’కు అమ్మ, ‘ఆ’కు ఆవు అన్న జంటలు తరతరాలుగా పిల్లల తొలి చిత్రజగత్తు. ఋషి బొమ్మతో ‘ఋ’ను నేర్చుకొనే బిడ్డ ఇంట్లో ఆ మాటే ఎన్నడూ వినపడకపోవచ్చు. ఇంట్లో కోయ, గోండి, సవర, లంబాడీ మాట్లాడుతూ బడిలో తెలుగు నేర్చుకొనే పిల్లలకు వాచకంలోని బొమ్మా పరాయిదే, మాటా పరాయిదే. ఆ పిల్లలు తమ మాటలకు తామే చిత్రాలు కూర్చుకొంటే ఎలాంటి అక్షరమాల వస్తుందన్నది భాషాబోధనకు సంబంధించిన అసలైన ప్రశ్న. భాగస్వామ్య ఛాయాచిత్రణ ఇక్కడ కళాప్రదర్శనకు కాక పాఠ్యరచనకు పనిముట్టు అవుతుంది.

5. పస్తాపూర్: పరిభాషను సృష్టించుకొన్నవారు

తెలుగు నేల మీద ఈ చర్చకు దగ్గరి ఉదాహరణ జహీరాబాద్ ప్రాంతంలోని పస్తాపూర్. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు 1990లలో వీడియో చిత్రణ నేర్చుకొని, 2001 నుంచి కమ్యూనిటీ మీడియా ట్రస్ట్‌గా పనిచేశారు. ఇది నిశ్చలచిత్రం కాదు, పాల్గొన్నవారంతా యువతా కాదు. అయినా పై ఉదాహరణల్లో లేని ఒక అంశం ఇక్కడ ఉంది.

కెమెరా కోణాలకు వారు తమ పేర్లు పెట్టుకొన్నారు. పై నుంచి కిందికి చూసే కోణం పటేలు షాట్, ఎందుకంటే పటేలు ఎప్పుడూ అలాగే చూస్తాడు. కింది నుంచి తలెత్తి చూసేది బానిస చూపు. కంటికి కన్ను సమంగా ఉండే కోణం సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ సమానంగా కూర్చొంటారు. సాంకేతిక గ్రంథాలు కేవలం ఎత్తును బట్టి చెప్పే కోణాలను వీరు సామాజిక సంబంధాలుగా నిర్వచించారు. ఇది చిత్రణ సిద్ధాంతం. అక్షరాస్యతతో నిమిత్తం లేకుండా తెలుగులో పుట్టిన విమర్శ పరిభాష.

వరంగల్ రైతుల బీటీ పత్తి అనుభవంపై వీరు తీసిన చిత్రాలు తరువాత దేశం దాటి చర్చకు వచ్చాయి. ఆ చిత్రాల్లో ప్రశ్న అడిగే గొంతు, జవాబు చెప్పే గొంతు ఒకే మాండలికంలో ఉంటాయి. ఎంపిక, మాట, స్వాధీనం అనే మూడూ సంఘానికి దగ్గరగా నిలిచిన సందర్భమిది. సోనాగాఛీ చిత్రంతో దీన్ని పోల్చితే తేడాకు మూలం స్పష్టమవుతుంది. అక్కడ పనిచేస్తున్న సంఘం కథనం బయటే ఉండిపోయింది. ఇక్కడ సంఘమే కోణానికి పేరయింది.

6. మన క్షేత్రపరిశోధనకు వర్తింపు

తెలుగు శాఖల్లో జానపద, గిరిజన విజ్ఞాన పరిశోధన విస్తృతంగా జరుగుతోంది. సిద్ధాంత గ్రంథాల అనుబంధాల్లో కళాకారుల, వక్తల ఛాయాచిత్రాలు ఉంటాయి. వాటి కింద ‘చిందు కళాకారులు’, ‘చెంచు మహిళ’ వంటి జాతివాచక వ్యాఖ్యలే తరచుగా కనిపిస్తాయి. పాఠాన్ని సేకరించేటప్పుడు ఒక్క ధ్వని తప్పిపోకుండా జాగ్రత్తపడే పరిశోధన, చిత్రం దగ్గరికి వచ్చేసరికి వక్త మాటను అడగడం లేదు. పటేలు షాట్ కెమెరా కోణంలోనే కాదు, చిత్రవ్యాఖ్యలోనూ ఉంటుంది.

నేడు కెమెరా కొరత లేదు. అణగారిన వర్గాల యువత చేతుల్లోనూ చరవాణి ఉంది. కాబట్టి కెమెరా ఇవ్వడం అన్న తొలినాటి ఔదార్యానికి అర్థం తగ్గింది, మిగిలిన మూడు ప్రశ్నల బరువు పెరిగింది. వాటిని మన పరిశోధనలో ఇలా అన్వయించవచ్చు. అనుబంధంలో చేర్చే చిత్రాలను ఆ సమూహపు యువతీయువకులు తీయాలి, కనీసం వారు ఎంచాలి. చిత్రవ్యాఖ్యను వారి నోటినుంచే తీసుకొని, ప్రామాణిక భాషలోకి దిద్దకుండా వారి మాండలికంలోనే అచ్చువేయాలి. ఒక ప్రతి శాఖ గ్రంథాలయంలో ఉంటే, మరో ప్రతి ఆ ఊరి బడిలోనో సంఘంలోనో ఉండాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. పేరు పెట్టడం, ముఖం చూపడం అన్ని సందర్భాల్లో గౌరవం కాదు, అపాయం కూడా. సోనాగాఛీ పిల్లల విషయంలో గుర్తింపు బయటపడడమే ఒక పెద్ద ఆందోళన అయింది. ఈ అభ్యంతరం బలమైనదే. అయితే అది ఈ వాదాన్ని కాదనదు. ముఖం చూపాలా, నీడ చూపాలా, అసలు ఏ మనిషీ లేని వాకిలి చూపాలా అన్న నిర్ణయం కూడా ఎంపికలో భాగమే. చూపకుండా ఉండే హక్కు చిత్రకర్తకు దక్కినప్పుడే చూపే హక్కుకు విలువ ఉంటుంది. మైనర్ల విషయంలో ఈ సమ్మతిని వారు పెద్దయ్యాక మళ్లీ అడగడం న్యాయం.

ముగింపు

భాగస్వామ్య ఛాయాచిత్రణ అణగారిన యువతకు సాధికారత ఇస్తుందా అన్న ప్రశ్నకు ఈ ఉదాహరణలు ఏకరూపమైన సమాధానం ఇవ్వవు. యున్నాన్ పద్ధతి వ్యాఖ్యానానికి నడిమి స్థానం ఇచ్చింది. లెచర్ కౌంటీ పిల్లలు తమ వాక్యంతో తమ చిత్రాన్ని సాక్ష్యపు చెర నుంచి విడిపించారు. సోనాగాఛీలో పిల్లల చూపు నిలిచింది గాని కథ చేజారింది. పస్తాపూర్‌లో చూపుకే కొత్త పరిభాష పుట్టింది. కెమెరా అన్నిచోట్లా ఉంది, మాట మీద స్వాధీనం మాత్రం అన్నిచోట్లా లేదు. ఫలితాల్లోని తేడాకు ప్రధాన కారణం అదే.

స్వానుభవం గురించి మూడు దశాబ్దాలుగా చర్చిస్తున్న తెలుగు విమర్శకు ఈ రంగంలో చెప్పదగింది ఉంది. ఛాయాచిత్రాన్ని సామాజిక శాస్త్రాలకు వదిలేయకుండా, దాని కింది వాక్యాన్ని పాఠంగా చదివి, అది ఎవరి భాషలో ఉందో, ఎవరు దిద్దారో, ఏ మాట రాలిపోయిందో పాఠపరిష్కర్త శ్రద్ధతో పరిశీలించవలసి ఉంది. మన గ్రంథాలయాల్లోని సిద్ధాంత గ్రంథాల అనుబంధాలతోనే ఆ పని మొదలుపెట్టవచ్చు.